ముక్కుకి పలికిన పలక

ఏడుకోనల అడవికి ఒక సైన్యం, ఆ సైన్యానికి ఒకే ఒక్క విమానం ఉండేవి. రెక్కలున్నవాళ్ళెవరూ అందులో పనిచేసేవారు కారు. వాళ్ళకి ఆ అవసరం లేదు మరి. దాన్ని నడిపేది ఎలుగుబంటి బొచ్చయ్య. దారి చెప్పేది తాబేలు మందరమ్మ. సామాను ఎక్కించి దించేది నక్క జిత్తయ్య. ముగ్గురి మీదా అజమాయిషీ కమాండర్ కరేణువమ్మది. ఆవిడ ఏనుగు కాబట్టి విమానంలో పట్టదు. నేల మీద నిలబడే అందరినీ హడలెత్తించేది.

దారి చెప్పడమంటే మాటలు కాదు. ఏ కొండ ఎంత ఎత్తు, ఏ లోయ ఎటు తిరుగుతుంది, ఎక్కడ దిగొచ్చు, ఇవన్నీ గీసిన కాగితం పటాలు మూడు వందల పదహారు. అన్నీ ఒక తోలుసంచిలో ఉండేవి. ఆ సంచి మందరమ్మకంటే బరువు. ఎక్కడైనా కొండచరియ విరిగినా, వాగు దారి మార్చుకున్నా, ఇరవై ఎనిమిది రోజులకోసారి దిద్దిన పేజీల కట్ట వచ్చేది. మందరమ్మ పాత పేజీ తీసేసి, కొత్త పేజీ సంచిలో పెట్టి, నేల మీద గోటితో ఒక గీత గీసేది. పెట్టిన ప్రతి పేజీకీ ఒక గీత. చివర్లో గీతలు లెక్కపెట్టుకుని గానీ సంచి మూతి కట్టేది కాదు.

ఆ పని ఆవిడకి ఎందుకంత ఇష్టమో ఎవరూ అడగలేదు. తాబేలు బతుకంతా నేలకి జానెడు ఎత్తులో గడిచిపోతుంది. కళ్ళెదుట గడ్డిపరక అడ్డం వస్తే దాని వెనక లోకం ఉన్నట్టే తెలియదు. విమానంలో బొచ్చయ్య పక్క సీటులో కూర్చున్న మొదటి రోజున మందరమ్మ అడవిని పైనుంచి చూసింది. తను ఎనిమిది రోజులు నడిచి దాటిన చిట్టడవి కింద అరచేతంత కనిపించింది. ఆ రోజు ఆవిడకి నోట మాట రాలేదు. ఇరవై రెండేళ్ళయినా, చక్రాలు నేల వదిలే క్షణంలో ఇప్పటికీ రాదు.

ఒక వానాకాలం ఉదయం కరేణువమ్మ తొండంతో రెండు నల్లటి పలకలు పట్టుకొచ్చి రావిచెట్టు మొదట్లో పెట్టింది.

"ఇకనుంచి కాగితాలు వద్దు. మొత్తం మూడు వందల పదహారూ ఈ పలకలో ఉంటాయి."

"ఇందులోనా?" బొచ్చయ్య పలక ఎత్తి వెనక్కి తిప్పి చూశాడు. "అమ్మగారూ, మా మందరమ్మక్క పటం విప్పితే నా మొహం మీద పడేది. పోయిన నెల ఒక లోయ మొత్తం కాగితం వెనకాలే నడిపాను. ఇది నిజమైతే మీ కాళ్ళకి దండం పెడతాను."

"నా కాళ్ళ దగ్గరికి రాకు, తొక్కేస్తాను. రెండు పలకలూ విమానంలో ఉండాలి. ఒకటి మొరాయిస్తే రెండోది. అది నియమం."

జిత్తయ్య తన మెత్తటి పాదంతో ఒక పలకని తాకాడు. పలక వెలిగింది. ఏడు కోనలూ పచ్చగా, నీలంగా విచ్చుకున్నాయి. మందరమ్మ మెడ చిప్పలోంచి మొత్తం బయటికొచ్చేసింది. ఇన్నేళ్ళూ ముక్కలుముక్కలుగా మోసిన అడవి, అతుకు లేకుండా, ఒక్కటిగా!

"ఏదీ, నన్ను కూడా ముట్టుకోనివ్వు నాయనా," అంది.

జిత్తయ్యకి బొచ్చయ్య పక్క సీటు మీద ఎప్పటినుంచో కన్నుంది. తను వెనకాల ఉప్పు బస్తాల మధ్య కూర్చుంటే, ఈ చిప్పముసలిది ముందు కూర్చుని మబ్బులు చూస్తుందా అని కడుపుమంట. "రా పిన్నీ, రా," అన్నాడు తియ్యగా.

మందరమ్మ గోటితో నొక్కింది. పలక కదల్లేదు. గట్టిగా నొక్కింది. టకటకా కొట్టింది. ఊహూ.

"అయ్యో పిన్నీ, పలక పలకడం లేదే!" అని జిత్తయ్య చుట్టూ ఉన్నవాళ్ళకి వినిపించేలా అన్నాడు. "ఇది తెలివిగలవాళ్ళకే పలుకుతుందట. చూడండమ్మగారూ, నేను తాకితే..." పలక వెంటనే పలికింది. కుందేళ్ళు కిసుక్కుమన్నాయి.

కరేణువమ్మ మొహమాటాల మనిషి కాదు. "మందరమ్మా, పలక నీకు పలకకపోతే ఆ సీటులో నీకేం పని? రేపు గాలికొండ కాపలాదళానికి ఉప్పూ, మందులూ వెళ్ళాలి. ముందు సీటులో జిత్తయ్య కూర్చుంటాడు. రెండో పలక పట్టుకుని నువ్వు వెనక బస్తాల మీద కూర్చో. తిరిగొచ్చాక నీకు గోదాములో పని చూస్తాను."

అంటే రేపటితో ఆకాశం అయిపోతుంది. మందరమ్మ పలకని వీపు మీద పెట్టించుకుని తన గుంట దగ్గరికి నడిచింది. అది వంద అడుగులే. మధ్యాహ్నం అయింది.

ఏడవడానికి ఆవిడకి తీరిక లేదు. పలకనే చూస్తూ కూర్చుంది. నల్లగా, నిశ్చలంగా, మడుగులా మెరుస్తోంది. అలవాటు చొప్పున మెడ చాచి వాసన చూసింది. తడి ముక్కు తగిలింది.

పలక వెలిగింది.

మందరమ్మ మెడ లోపలికి లాక్కుంది. కాసేపాగి, మళ్ళీ చాచి, ముక్కుతో మెల్లగా తాకింది. కోన జరిగింది. మళ్ళీ తాకింది. కొండ దగ్గరికొచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! గోరంటే పడదు గానీ, తోలు తగిలితే చాలన్నమాట!"

అప్పుడు చూసింది, పటం మధ్యలో చిన్న నీలిచుక్క. దాని పక్కనే తన మడుగు, తన వెదురుపొద. పలకని వీపు మీదికి తోసుకుని పొద అవతలికి నడిచి మళ్ళీ చూసింది. చుక్క కూడా పొద అవతలికి వచ్చింది. మూడు వందల పదహారు కాగితాలు కొండలెక్కడున్నాయో చెప్పాయి, వాగులెక్కడున్నాయో చెప్పాయి. నువ్విక్కడున్నావు మందరమ్మా అని ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. ఇంత పెద్ద అడవిలో ఇంత చిన్న తాబేలు ఎక్కడుందో కూడా పట్టించుకునే వస్తువు ఇది! ఆవిడ దాని ముందు కాసేపు గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది.

తర్వాత పనిలో పడింది. ప్రతి పటం కింద ఒక చిన్న సంచి బొమ్మ, సంచిలోకి ఒక బాణం. సంచి కనిపిస్తే మందరమ్మ ఊరుకుంటుందా? ముక్కుతో నొక్కింది. "పేజీ సంచిలో చేరింది," అని అక్షరాలు వచ్చాయి. నేల మీద ఒక గీత గీసింది. రెండో పేజీ. రెండో గీత. పొద్దుగుంకే వేళకి మూడు వందల పదహారు గీతలయ్యాయి. ముక్కు ఎర్రగా వాచింది.

తెల్లారి విమానం దగ్గర జిత్తయ్య ముందు సీటులో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"నాయనా, నిన్న నా ముక్కుకి..." అని మొదలుపెట్టింది మందరమ్మ.

"ముక్కూ మూతీ తర్వాత చెబుదువు గానీ, ఎక్కు పిన్నీ, ఆలస్యమవుతోంది."

"పోనీ, పేజీలు సంచిలో పెట్టుకున్నావా?"

జిత్తయ్య పగలబడి నవ్వాడు. "ఇంకా సంచులేంటి! పటాలన్నీ మబ్బులో ఉంటాయి. నేను తాకగానే అవే దిగొస్తాయి. నిన్న చూడలేదూ?"

"మబ్బులోనా?" మందరమ్మ తలెత్తి ఆకాశం వంక చూసింది. అక్కడ మబ్బులకి కొదవ లేదు.

విమానం లేచింది. పటాల సంచి లేక తగ్గిన బరువుకి బదులు ఇంకో ఉప్పు బస్తా ఎక్కింది. మందరమ్మ దాని మీద కూర్చుని, పలకని ఒళ్ళో పెట్టుకుని, చుక్క పరుగెత్తడం చూస్తోంది. మూడు కోనలు దాటేదాకా ఎండ కాసింది. నాలుగో కోనలో సిగ్నల్ స్తంభాలు వెనకబడ్డాయి. గాలికొండ లోయలోకి దిగేసరికి తెల్లటి మబ్బు ముందూ వెనకా మూసేసింది. రెండు వైపులా కొండలు. నిండు బస్తాలతో వాటి మీదికి ఎక్కే శక్తి ఆ విమానానికి లేదు.

"లోయ ఎటు తిరుగుతుంది జిత్తయ్యా?" అనడిగాడు బొచ్చయ్య.

జిత్తయ్య తాకాడు. పలక వెలిగింది గానీ పటం రాలేదు. ఖాళీ గళ్ళు, గళ్ళ మధ్య ఒంటరిగా నీలిచుక్క.

"అదీ... సిగ్నల్ అందడం లేదన్నా."

"పటాలేవిరా?"

"మబ్బులో ఉంటాయి..."

"మబ్బులోనే ఉన్నాం కదరా! తియ్యి!"

జిత్తయ్య పలకని ఊపాడు, తుడిచాడు, నాకాడు. గళ్ళు గళ్ళుగానే ఉన్నాయి.

వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంది. "తమ్ముడూ, ఎడమకి. ఇప్పుడే."

"వినొద్దన్నా! ఆవిడ గోటికి పలక పలకనే పలకదు. నిన్న అందరూ చూశారు!"

బొచ్చయ్య చేతులు ఒక్క క్షణం ఆగాయి. పక్కన కొత్త పలక పట్టుకున్న నక్క. వెనక, ఇరవై రెండేళ్ళలో ఒక్క కొండకీ తగలనివ్వని గొంతు. ఎడమకి తిప్పాడు. కుడి రెక్క పక్కనుంచి తడిసిన నల్లరాయి జారిపోయింది. దాని మీద నాచు కూడా కనిపించేంత దగ్గరగా.

"తిన్నగా," అంది మందరమ్మ. ముక్కు దించింది, పేజీ మార్చింది, ముక్కెత్తింది. "ఇప్పుడు కొంచెం కుడికి. ముందర ఏనుగుతల బండ ఉంది. ఇంకొంచెం. చాలు. తిన్నగా పో. ఐదు లెక్కపెట్టి దింపు."

జిత్తయ్య కళ్ళు మూసుకున్నాడు. బొచ్చయ్య లెక్కపెట్టాడు. ఐదనేసరికి మబ్బు చిరిగింది.

కింద గాలికొండ లోయంతా ఎండలో వెలిగిపోతోంది. ఏడు జలపాతాలు ఒకేసారి దూకుతున్నాయి. ఆ నీటి తుంపర మీదుగా ఇంద్రధనుస్సు పూర్తి గుండ్రంగా, తెగకుండా నిలబడింది. దాని నడిమధ్యగా విమానం నీడ వెళుతోంది. మందరమ్మ కిందికి చూసింది, పలక చూసింది. జలపాతం పక్కన చుక్క. జలపాతం పక్కనే తను. రెండూ ఒకటే.

"అక్కా, దిగే చోటు?" అనడిగాడు బొచ్చయ్య.

ఆవిడకి మాట రాలేదు. ముక్కుతో చూపించింది.

తిరిగొచ్చాక కరేణువమ్మ అందరినీ రావిచెట్టు కింద నిలబెట్టింది. మందరమ్మ ముక్కుతో పలకని తాకి మూడు వందల పదహారు పేజీలూ వరసగా తిప్పి చూపించింది. ఈసారి కుందేళ్ళు నవ్వలేదు. మెడలు చాచి చూశాయి.

జిత్తయ్యకి ఆ మెచ్చుకోలు భరించరానిదైంది. "ఇందులో గొప్పేముందమ్మగారూ! గోటికి పలకదు, తోలు తగిలితేనే పలుకుతుందని పలకతో వచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే రాసుంది."

"ఓహో," అంది కరేణువమ్మ. "అయితే నిన్న నీకు తెలుసన్నమాట."

జిత్తయ్య కుందేళ్ళ వెనక్కి ఒక అడుగు జరిగాడు.

"మరి పేజీలు సంచిలో పెట్టుకోమని ఎక్కడ రాసుంది?"

"...రెండో పేజీలో కాబోలమ్మగారూ."

"కాబోలా?"

"అంతదాకా చదవలేదు."

బొచ్చయ్య పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. కరేణువమ్మ తొండం చాచి మందరమ్మని ఎత్తి తిన్నగా ముందు సీటులో దించింది. గోదాములో వంద ఉప్పు బస్తాలు జిత్తయ్య కోసం ఎదురుచూస్తున్నాయి.

కొత్త పలక ఎంత లోకాన్నయినా మోస్తుంది, ఆ లోకాన్ని ముందుగా ఓపిగ్గా అందులో పెట్టుకున్నవాళ్ళకి.