దామోదరం వాయిదా వేసిన అప్‌డేట్

అనగా అనగా, మరీ అంత పాతకాలమేమీ కాదు, ఇళ్ళు మనుషుల మాట వినడం నేర్చుకున్న కాలంలో, గోదావరి పాయ పక్కన ఒక ఊళ్ళో దామోదరం అనే కొబ్బరికాయల వర్తకుడు ఉండేవాడు. అతని భార్య పేరు శేషారత్నం. ఆవిడ లేసు అల్లితే చూసినవాళ్ళు చేత్తో తడిమి చూడకుండా ఉండలేకపోయేవారు.

దామోదరం కొత్త ఇల్లు కట్టాడు. దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, తలుపులు, నీళ్ళ మోటారు, అన్నీ చెప్పిన మాట వినేవే పెట్టించాడు. వాటన్నిటి మీదా పెత్తనం చేయడానికి హాలు గోడకు ఒక కంట్రోలర్ బిగించారు. దాని పాస్‌వర్డ్ దామోదరానికి ఒక్కడికే తెలుసు.

వంటింట్లో గ్యాస్ బండ పక్కన ఒక చిన్న తెల్లపెట్టె ఉండేది. గ్యాస్ లీకైతే అది పసిగట్టి, పెద్దగా మోగి, గ్యాస్ రాకుండా ఆపేస్తుంది. రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ కట్టేయడం శేషారత్నానికి మొదటినుంచీ అలవాటు.

"ఇంత ఖరీదైన పెట్టె కాపలా ఉండగా నీకెందుకే ఆ చాదస్తం?" అని భర్త నలుగురిలో నవ్వాడు. ఆవిడ సిగ్గుపడి ఆ అలవాటు మానేసింది.

ఇలాంటి పరికరాల లోపల, అవి ఎలా నడుచుకోవాలో చెప్పే ఆజ్ఞలు ఉంటాయి. వాటిని ఫర్మ్‌వేర్ అంటారు. తయారు చేసినవాళ్ళకు ఏదైనా లోపం కనబడితే దాన్ని సరిదిద్ది కొత్త ఆజ్ఞలు పంపుతారు. అవి వచ్చి కంట్రోలర్ దగ్గర ఆగుతాయి. యజమాని సరేనంటేనే లోపలికి వెళ్తాయి.

తొలకరి పడిన రోజున కంట్రోలర్ మీద ఎర్రటి అక్షరాలు కనిపించాయి. "వంటింటి గ్యాస్ అలారానికి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. గాలిలో చెమ్మ ఎక్కువైతే పాతది మోగకపోవచ్చు. వెంటనే అప్‌డేట్ చేయండి. ఆ కాసేపు ఇంట్లో కొన్ని పరికరాలు పనిచేయవు."

అప్పుడు హాలు నిండా చుట్టాలున్నారు. దామోదరం చప్పట్లు కొట్టి దీపాల రంగులు మార్చి చూపిస్తున్నాడు.

"ఏమండీ, ఇదేదో గ్యాస్ సంగతి. ఒకసారి చూడండి" అంది శేషారత్నం.

"ఇప్పుడు దీపాలు ఆరిపోతే నా పరువేం కావాలి?" అని అతను 'తర్వాత' అన్న మాట మీద నొక్కాడు.

వానలు పెరిగాయి. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక కంట్రోలర్ మళ్ళీ అడిగింది. ఆవిడా మళ్ళీ చెప్పింది.

"ఏసీ ఆగితే నాకు కన్ను మూతపడుతుందా? లేచాక చూద్దాంలే" అని అతను అటు తిరిగి పడుకున్నాడు. లేచాక మరిచిపోయాడు.

మూడోసారి అడిగినప్పుడు అతను కొబ్బరి ధరల మీద ఫోన్లో ఎవరితోనో తగువాడుతున్నాడు. శేషారత్నం ఆ మాటలు అయ్యేదాకా ఆగింది.

"మీకు తీరిక లేకపోతే ఆ పాస్‌వర్డేదో నాకు చెప్పండి. నేను నొక్కుతాను."

దామోదరానికి కోపం వచ్చింది. "ఈ ఇల్లు ఎవరి మాట వినాలి? నా మాటా, నీ మాటా?"

"ఎవరి మాటైనా విననివ్వండి. వంటింట్లో ఉండేది నేను కదా."

అతను విసురుగా వెళ్ళి, కంట్రోలర్ ఇక ఏమీ గుర్తుచేయకుండా చేసేశాడు. ఆ రోజు నుంచి ఇల్లు నోరెత్తలేదు. శేషారత్నమూ ఎత్తలేదు.

ముసురు పట్టింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఒక రాత్రి బండ నుంచి పొయ్యికి వెళ్ళే పైపును ఎలుక కొరికింది. వంటిల్లంతా గ్యాస్ నిండింది. తెల్లపెట్టె చెమ్మకు మొద్దుబారి, మోగలేదు. దాని పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

పొద్దున్నే కాఫీ పెట్టడానికి శేషారత్నం వంటింట్లోకి వెళ్ళింది. పడిశం పట్టి ముక్కు మూసుకుపోవడంతో ఆవిడకు వాసన తెలియలేదు. ఎందుకో అనుమానం వచ్చి పెట్టె వైపు చూసింది. పచ్చదీపం కనబడింది. స్టవ్ వెలిగించింది.

వంటిల్లు భగ్గున పేలింది. ఆ చప్పుడుకు దామోదరం లేచి పరిగెత్తాడు. తడిదుప్పటి కప్పి ఆవిడను బయటికి లాక్కొచ్చాడు. ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. చేతులు మాత్రం మోచేతుల దాకా కాలిపోయాయి. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఇక సూది పట్టే మాట లేదని డాక్టరు చెప్పాడు.

బట్టలు తీసుకెళ్ళడానికి దామోదరం ఇంటికి వచ్చాడు. వంటింటి గోడలు నల్లబడి ఉన్నాయి. మసిబారిన తెల్లపెట్టె మీద పచ్చదీపం ఇంకా వెలుగుతోంది. కంట్రోలర్ తెరిచి చూస్తే ఆ అప్‌డేట్ ఇంకా అక్కడే అతని కోసం కాచుకుని ఉంది. అతను నొక్కాడు. కుర్చీ లాక్కుని కూర్చునేలోగా సగం అయింది. కళ్ళు తుడుచుకునేలోగా మిగతా సగం అయింది. "అప్‌డేట్ పూర్తయింది. ధన్యవాదాలు" అని తెర మీద వచ్చింది.

ఇంత చిన్న పనా అని అతను తల బాదుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఇంటికి చేరాక పరామర్శకు వచ్చినవాళ్ళందరితో "అంతా ఆ ఎలుక చేసిన పనండీ" అనేవాడు. పక్కగదిలో మంచం మీద నుంచి శేషారత్నం వింటూ ఉండేది.

ఒకరోజు ఎవరూ లేని సమయం చూసి అతను ఆవిడ దగ్గర కూర్చున్నాడు.

"రత్నం, నువ్వు చెప్పిందే నిజమైంది. నాదే తప్పు. ఇవాళ్టి నుంచి ఈ ఇల్లు నీ మాటే వింటుంది. పాస్‌వర్డ్ చెబుతాను, ఇదిగో, నువ్వే నొక్కు" అని కంట్రోలర్‌కు కలిపిన తన ఫోన్ ఆవిడ ముందు పెట్టాడు.

శేషారత్నం కట్లలోంచి కనిపిస్తున్న తన చేతుల వంక చూసుకుంది. తర్వాత భర్త వంక చూసింది.

"ఏ వేలితో నొక్కమంటారు?" అని అడిగింది.

ఆ ఇంట్లో గెలిచింది శేషారత్నం మాటే. ఆ గెలుపును ఆవిడ ఏం చేసుకుంటుంది?

పెత్తనం తన దగ్గర ఉంచుకుని బాధ్యతను వాయిదా వేసేవాడి తప్పుకు శిక్ష పడేది, పిల్లలూ, అతన్ని నమ్ముకున్నవాళ్ళకే.