సుంకమ్మ కుండలో కూడు

నేనింతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఊరి బడిలో ఐదు దాకానే. నలుగురిలో నోరు విప్పాలన్నా నాకు సిగ్గు. కానీ మా అవ్వ మాకు ముద్దలు కలిపి పెడతా చెప్పిన కథ ఒకటుంది. అది నాతోనే పోతుందేమోనని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

బావుల్లో నీళ్లు చేతికందే కాలంలో, ఎద్దులు కోడికంటే ముందు మేలుకునే కాలంలో, నల్లరేగడి చేల నడుమ ఒక ఊరుండేదంట. ఆ ఊళ్లో ఒక పెద్దిల్లు. ఆ పెద్దింటి కోడలు చెన్నమ్మ. ఆమెకొక్కడే కొడుకు, ఓబులేసు. పరిగెత్తాల్సిన వయసులో ఇంకా పాకుతుండేవాడు. నాలుగడుగులు పాకితే అలిసిపోయి గడప మీద తల ఆనించేవాడు.

ఆ ఇంటికొక ఆచారం ఉండేది. పుట్టువెంట్రుకలు తీసేదాకా బిడ్డకు ఒకటే గింజ, ఒకటే కుండ. వరన్నం గుజ్జుగా పిసికి పాలు పోసి పెట్టాల. ఇంకొకటి నోట పడిందంటే ఇంటి దేవరకు కోపం వస్తుంది. ఓబులేసుకు వెంట్రుకలు తీయించాలని దినం చూసుకున్నారు. అంతలోనే ఇంటి పెద్దాయన, చెన్నమ్మ మామ, కన్ను మూసినాడు. ఏడాది తిరిగేదాకా శుభకార్యం పనికిరాదన్నారు. జుట్టు పెరుగుతా వచ్చింది, బిడ్డ తరుగుతా వచ్చినాడు.

చెన్నమ్మ అత్త తిమ్మక్క దిష్టి తీసింది. గిన్నె తెస్తే ఓబులేసు మూతి బిగించినాడు, మొగం తిప్పినాడు. తాయెత్తు కట్టించింది. మూతి బిగించినాడు, మొగం తిప్పినాడు. వెండిగిన్నెలో పెట్టి చూసింది. మూతి బిగించినాడు, మొగం తిప్పినాడు.

"వీడు మనకు దక్కే రాత ఉందో లేదో" అని తిమ్మక్క చీరచెంగుతో కండ్లు ఒత్తుకుంటుంటే, చెన్నమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కునేది.

ఆ ఊరి బట్టలుతికేది సుంకమ్మ. పొద్దు వాలేసరికి గంపలో కుండ పెట్టుకుని ఇంటింటికీ వచ్చేది. ఉతికినందుకు ప్రతి ఇల్లూ ఆమెకు ఒక ముద్ద, ఒక గరిటె కూర పెట్టాల, అది ఆమె వంతు. ఒక ఇంట్లో జొన్న సంగటి, ఒక ఇంట్లో కొర్రన్నం. ఒకరు గోంగూర పప్పు పోస్తే ఇంకొకరు ఊరిబిండి పచ్చడి వేస్తారు. అలసంద కూర మీద చింతపులుసు, పులుసు మీద వంకాయ బజ్జి. అన్నీ ఆ ఒక్క కుండలోకే.

తిమ్మక్క ఎకసెక్కం చేసేది. "ఏమే సుంకీ, ఊరంతా నీ కుండలోనే ఉన్నట్టుందే?"

"ఊరంతా తగువు లేకుండా ఉండేది ఈ కుండలోనే పెద్దమ్మా" అనేది సుంకమ్మ.

ఆమె చంకలో తల్లి లేని మనవరాలు లింగి ఉండేది. ఓబులేసు ఈడుదే. చెక్కిళ్లు బూరెల్లా ఉండేవి. కిందికి దించితే ఒక్క చోట నిలిచేది కాదు.

ఒకరోజు సాయంత్రం సుంకమ్మ వాకిట్లో గంప దించింది. ఓబులేసు గడప దాకా పాకొచ్చి కూటి వాసన ఎగబీల్చినాడు. తిమ్మక్క లోపలికి లాగేసింది. మరునాడు గడప దాటినాడు. మళ్లీ లాగేసింది. మూడోనాడు తిమ్మక్క దొడ్లో ఉంది. బిడ్డ పాకిపాకి పోయి కుండలో చెయ్యి పెట్టినాడు. తీసి నోట్లో పెట్టుకున్నాడు.

సుంకమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "అయ్యో తల్లీ, నేను పెట్టలేదు. వాడే..."

చెన్నమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది. లాగాలనే పట్టుకుంది. లాగలేకపోయింది. వాడు మూతి బిగించలేదు. మొగం తిప్పలేదు. కారానికి కండ్లలో నీళ్లు కారుతున్నా ఇంకోసారి చెయ్యి ముంచినాడు.

అంతలో తిమ్మక్క రానే వచ్చింది. వాకిలి దద్దరిల్లింది. "ఊరి ఎంగిలి నా వంశాంకురం నోట్లోనా! లేయ్, నీ గంప ఎత్తు! ఇంకోసారి నా గడప ముందు కనబడితే చూడు!"

సుంకమ్మ లేచింది. గంప ఎత్తుకుని పోయింది. ఆ మరుసటి సాయంత్రం పెద్దింటి ముందు ఆగకుండానే పోయింది.

ఓబులేసు మాత్రం గడప మీద తల ఆనించి వీధి వైపే చూసినాడు. పాలన్నం గిన్నె తెస్తే మూతి బిగించినాడు, మొగం తిప్పినాడు. చెన్నమ్మ గిన్నె కింద పెట్టేసింది. బిడ్డను చంకనేసుకుని గడప దాటింది.

"యాడికే?" అని తిమ్మక్క అరిచింది.

"దేవరకు కోపమొస్తే నేను కాళ్లు పట్టుకుంటా అత్తా. వీడు పోతే నేనెవరి కాళ్లు పట్టుకోవాల?"

సుంకమ్మ ఇంటి ముందర లింగి అప్పుడే తింటా ఉంది. చెన్నమ్మను చూసి సుంకమ్మ లేచి నిలబడింది.

"వద్దు తల్లీ. పెద్దింటి బిడ్డకు నా కుండలో కూడు పెడితే ఊళ్లో నన్నుండనిస్తారా?"

"నువ్వు పెట్టొద్దులే. నేను పెడతా. నువ్వు కుండ మాత్రం ఇటు జరుపు."

చెన్నమ్మ నేల మీద కూలబడి కలిపింది. లింగికొక ముద్ద, ఓబులేసుకొక ముద్ద. సంగటి ముద్ద, కొర్రన్నం ముద్ద, పప్పు ముద్ద. పిల్ల నోరు తెరిస్తే పిల్లోడూ నోరు తెరిచినాడు. ముద్ద పెట్టడం ఆలస్యమైతే తల్లి చేతిని గుంజినాడు.

చెన్నమ్మ తల ఎత్తేసరికి ఎదురుగా తిమ్మక్క. వెంటబడి వచ్చినట్టుంది, ఆయాసపడతా నిలబడి ఉంది. సుంకమ్మ గోడకు ఒదిగింది. తిమ్మక్క మనవని నోటి వైపు చూసింది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

చెన్నమ్మ ఇంక తనకు ఆ ఇంట్లో చోటు లేదనుకుంది.

కాసేపటికి తిమ్మక్క మళ్లీ వచ్చింది. చేతిలో నేతిగిన్నె.

"గోంగూర కారం ఎక్కువుంటాది. నెయ్యి వేసి పెట్టాలని తెలీదా మీ ఇద్దరికీ? ఆ పిల్ల ముద్దలో కూడా వెయ్యి" అని కసిరి, అక్కడే చతికిలబడింది.

ఆ ఏడాది తిరిగి వెంట్రుకలు తీసేనాటికి ఓబులేసు తనంతట తనే నడిచి పోయి మంగలి ముందు కూర్చున్నాడంట.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లల్లో బిడ్డ అన్నం ముందు మూతి బిగిస్తే, తల్లి గిన్నె పట్టుకుని ఇరుగిల్లూ పొరుగిల్లూ తిరుగుతుంది. పెద్దిల్లా చిన్నిల్లా అని చూడదు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. "సుంకమ్మ వంతా?" అంటారు, ఒక ముద్ద వేస్తారు. మా అవ్వా తిరిగింది, మా అమ్మా తిరిగింది. నేనైతే సిగ్గుతో గుమ్మం పక్కన నిలబడేదాన్ని. ఆ ఇంటివాళ్లే నా గిన్నె లాక్కుని నింపేవాళ్లు.

ఇది ఎట్లా మొదలైందో కూడా అవ్వ చెప్పింది. సుంకమ్మ ముసలిదై, ఒక ఎండాకాలం కన్ను మూసింది. ఆ సాయంత్రం ఏ వాకిట్లోనూ సుంకమ్మ పిలుపు లేదు. కానీ ఊళ్లో చేతులకు అలవాటు పోలేదు. ప్రతి ఇంట్లోనూ ఆమె వంతు తీసి పక్కన పెట్టినారు. తీసుకుపోయే మనిషి లేదు.

మరునాడు తెల్లారగానే చెన్నమ్మ గంప నెత్తికెత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది. సుంకమ్మ వంతు చద్దిముద్దలన్నీ తెచ్చి, మజ్జిగ పోసి కలిపి, ఊళ్లో పసిబిడ్డలందరినీ తన వాకిట్లో కూర్చోబెట్టుకుని, నోరు తెరిచిన ప్రతి బిడ్డకూ ఒక ముద్ద పెట్టింది.