గోడవైపు తిప్పిన సముద్రం

నూకరత్నం వేసిన బొమ్మ ముందు నిలబడ్డ ప్రతిసారీ సుభాషిణికి ఒళ్ళు మండేది. అంత బాగుండేది ఆ బొమ్మ. ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరి దగ్గరా పైకి అనలేదు.

ఇద్దరూ విశాఖలో జలాల్ మాస్టారి దగ్గరే కుంచె పట్టారు. మాస్టారి కళ్ళకి పొర కమ్మాక, ఏటా ఆయన పెట్టే ప్రదర్శనకి వచ్చిన బొమ్మలు చూసి, మంచీచెడూ రాసి ఆయనకి చదివి వినిపించే పని సుభాషిణి మీద పడింది. ఆమె రాసిందాని కింద ఆయన సంతకం పెడతారు. ఇక దానికి తిరుగులేదు.

నూకరత్నం జాలర్ల పిల్ల. "పోయినేడు తిప్పి పంపేశారు. ఈసారీ వద్దంటే రంగులు రేవులో పారేసి రొయ్యలొలిచే షెడ్డుకి కూలికి పోతానక్కా," అంది. నవ్వుతూనే అంది గానీ, షెడ్డువాళ్ళకి అప్పటికే మాట ఇచ్చేసిందని సుభాషిణికి తెలుసు.

ఆ ఉదయం సుభాషిణి తను రాసిన కాగితం మాస్టారికి చదివింది.

"సముద్రం బొమ్మ. వింత కోసం వింత. ఎవరినో చూసి వేసినట్టుంది. లోతు లేదు. తిప్పి పంపవచ్చు."

మాస్టారు తలూపారు. లేచి, తడుముకుంటూ వెళ్ళి, బొమ్మని గోడవైపు తిప్పేశారు.

"ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటే," అన్నారు కూర్చుంటూ. "అందులో ఏముందో చెప్పు, వంకరటింకరగానైనా రాసుకుంటాను."

"చెప్పాను కదా మాస్టారూ."

"బాగుందో లేదో చెప్పావు. ఏముందో చెప్పలేదు."

"ఇసుకలో దండెం. దాని మీద సముద్రాన్ని చీరలా ఉతికి ఆరేసినట్టు..."

"మొత్తమా?"

"మొత్తం. కొంగు చివర అలలు ఇంకా కదుల్తున్నాయి. నీటిబొట్టు పడ్డ చోటల్లా ఒక చేప. సముద్రం ఉండాల్సిన చోట ఒట్టి నేల. నేల మధ్య గడప ఒక్కటే, ఇల్లు లేదు. గడపకి పసుపు. ఇప్పుడే రాసిన పసుపు."

"ఇప్పుడేనని ఎలా తెలిసింది?"

"వేళ్ళ జాడలింకా తడిగా ఉన్నాయి. నాలుగే వేళ్ళు. చిటికెన వేలు లేదు. అది వాళ్ళమ్మ చెయ్యి మాస్టారూ. వలతాడు ఆ వేలు కోసేసింది..."

చెప్తూనే ఉంది. ఆయన రాయడం ఎప్పుడు ఆపేశారో చూసుకోలేదు.

ఆమె చదివిన కాగితం, తను రాసిన కాగితం, రెండూ మాస్టారు పక్కపక్కన పెట్టారు. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలు పట్టి చూపించడం ఆమెకి అలవాటే.

"చూపించమ్మా."

ఆమె ఆయన వేలిని ఆయన రాసిన కాగితం మీద ఆనించింది. ఆయన సంతకం పెట్టి, కలం మూత బిగించారు.

"పోయినేడు నా వేలిని ఎలాంటి కాగితం మీద ఆనించావు?"

సుభాషిణి తను రాసిన కాగితం వైపు చూసింది.

"చూపించింది నువ్వే," అన్నారాయన. "సంతకం మాత్రం నాదేనమ్మా."

కర్ర అందుకుని లోపలికి వెళ్ళిపోయారు.

బొమ్మని ఎంచుకున్నారంటే నూకరత్నం ఎగిరి గంతేస్తుంది. పోయినేడు తిప్పి పంపించింది తనేనని విన్నాక మళ్ళీ అక్కా అని పిలవదు. సుభాషిణి ఆమెకి ఫోన్ చెయ్యాలనుకుంది. పోయినేటి సంగతే ముందు చెప్పాలనుకుంది.