తేనుపుకొక చెట్టు

ఆ ఏడు కొండ కింద అడవిలో ఎండలు మండిపోయాయి. కుంట అడుగంటింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాడు ఎక్కడైనా ఉంటాడు. ఈ అడవిలో ఆ పని నక్క చేసింది. సింహాన్ని మంచి చేసుకుని 'గాలిపెద్ద' పదవి కొట్టేసింది.

"మీ తేనుపుల వల్లే ఆకాశం వేడెక్కింది," అని చాటింది నక్క. "ఇకమీద ఎవరూ తేన్చకూడదు. తేన్చక తప్పదంటారా, మీ పేర తలా ఒక చెట్టు పెంచుతాను. మీ తేనుపును అది పీల్చేస్తుంది. నా కష్టానికి ఏదో మీకు తోచింది ఇవ్వండి."

తోచింది అన్నది మాటవరసకే. గేదె కర్రెమ్మ పొదుగులో ఒక చన్ను పాలు నక్కకి. మేక పోలికి ఉన్నవే రెండు చన్నులు, వాటిలో ఒకటి నక్కకి. గాడిద నెమరేయదు, తేన్చదు, కానీ ఓండ్రపెడుతుంది గనక నక్కను వీపున మోయాలి.

కర్రెమ్మ మెల్లగా అడిగింది. "అబ్బయ్యా, రాజుగారి గుహలో రోజూ విందులే గదా. ఆ తేనుపుల సంగతేంది?"

"రాజుగారి తేనుపు చల్లగా ఉంటుందక్కా!"

"ఓహో."

గేదెకి బుర్ర ఉండదనేవాళ్లు కర్రెమ్మను చూసి ఉండరు. మాట నిదానమే, కానీ ఏ మాటనూ నాలుగుసార్లు నెమరేయకుండా మింగదు.

నక్క ఒక్కొక్కరినే దిబ్బ మీదికి తీసుకుపోయి దూరంగా ఒక కానుగ చెట్టును చూపించింది. "అదే నీ చెట్టు. దగ్గరికి పోకు, నీ ఊపిరికి వాడిపోతుంది. ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది."

నెల తిరిగింది. ఎండలు తగ్గలేదు గదా అని నక్క ఒక చన్ను కాస్తా రెండు చేసింది. కర్రెమ్మ దూడకి డొక్కలు తేలాయి. "అమ్మా, ఆకలి," అని అది ఒట్టి చన్ను చీకుతూనే ఉంది.

పోలి నోట్లో నువ్వుగింజ నానదు. ఒకనాడు అననే అంది: "చెప్పకూడదు గానీ వదినా, నా కానుగకి కొమ్మ విరిగి వేలాడతా ఉంది."

కర్రెమ్మ నెమరు ఆపింది. తన కానుగకీ ఒక కొమ్మ విరిగి వేలాడుతోంది. నేరుగా గాడిద దగ్గరికి పోయింది.

"నీ చెట్టు కొమ్మ విరిగిందంట గదా?"

"నీకెట్టా తెలుసక్కా!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం కుంట దగ్గర అందరూ వింటుండగా కర్రెమ్మ లేచింది. "నా బిడ్డ ఎండకి సొమ్మసిల్లతా ఉంది. నా చెట్టు నీడకి నేను కాక ఎవరు పోతారు? మీరూ ఎవరి చెట్టు కిందికి వాళ్లు పదండి."

దిష్టి భయంతో ఒకరికి కనబడకుండా ఒకరు తలా ఒక దారిన బయలుదేరారు. అన్ని దారులూ ఒక్క కానుగ కిందికే చేరాయి. దాని మొదలు దగ్గర నక్క, పొట్ట ఉబ్బేలా పాలు తాగి, గుర్రు పెడుతోంది.

"లే అబ్బయ్యా," అంది కర్రెమ్మ. "ఇది ఎవరి చెట్టు?"

నక్క కళ్లు నులుముకుని చుట్టూ చూసింది. కొమ్ములే కొమ్ములు. "అందరిదీనక్కా! అందరిదీ!"

"అందరిదీ అయితే తలా ఒకటని అంటగట్టడానికి నువ్వెవరు?"

నక్క పరుగు లంకించుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పరుగెత్తుతూ పరుగెత్తుతూ 'బ్రేవ్‌'మని తేన్చింది. అడవంతా విరగబడి నవ్వింది.

"మరి వేడి కూడా అబద్ధమేనా వదినా?" అంది పోలి.

"వీపు కాలడంలా? వేడి నిజమే. పదండి, కుంటలో పూడిక తీద్దాం."

తల్లి వెంట వచ్చిన దూడ మాత్రం కదల్లేదు. నాలుగు చన్నులూ ఒకదాని తర్వాత ఒకటి కుడుస్తూ ఉంది. కర్రెమ్మ అది తాగినంతసేపూ నిలబడింది.

ఎండ నిజమే కావచ్చు. అంతమాత్రాన గొడుగులమ్మేవాడి మాటలన్నీ నిజం కావు.