చెయ్యి తిరిగే దాకా

పరాంకుశాచార్యులు గారికి ఒక అలవాటు ఉండేది. అడిగినవారి ప్రశ్నలో సందేహం ఉంటే శాస్త్రం విప్పి చెప్పేవారు. భయం ఉందని తోస్తే మాత్రం శాస్త్రం జోలికి పోకుండా, తాము ఎరిగిన మనిషి సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. తెనాలిలో వారి ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున పాఠం జరిగేది. వినడానికి వెళ్ళే మేమందరం ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళమే.

ఒక ఆదివారం పాఠం ముగిశాక అందరం లేవబోతుంటే సుధామయి కదలకుండా కూర్చుంది. చెవులు వినపడని పిల్లలకు మాటలు నేర్పే చదువు చదివింది ఆమె. ఆ మాటలు పసితనంలోనే పట్టుబడాలని, వయసు మీరితే రావడం కష్టమని ఆమే మాతో అంటుండేది. సొంతంగా ఒక బడి పెట్టాలని కోరిక. చాలాకాలంగా ఆ మాట చెబుతూనే ఉంది కాబట్టి మాకందరికీ తెలుసు.

"గురువుగారూ, ఒక పనికి నేను సిద్ధమయ్యానని నాకు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. "ఈ ఒక్క శిక్షణ అయిపోతే చాలనుకుంటాను. అది అయ్యేసరికి నాకు రానిది ఇంకొకటి కనిపిస్తుంది. సరిగా రాకుండా మొదలుపెట్టి ఏ బిడ్డకైనా అన్యాయం చేస్తానేమోనని భయం. ఆ మాట తలచుకుంటే అన్నం కూడా సయించదు."

ఆచార్యులు గారు ఆమెను కాసేపు చూశారు. "మా తోడల్లుడు చక్రధర్ సంగతి నీకు చెప్పానా?" అన్నారు. చెప్పలేదంది. మేమూ మళ్ళీ కూర్చున్నాం. వారు చెప్పిన సంగతి ఇది.

చక్రధర్ అంటే ఆచార్యులు గారి భార్య ఆండాళమ్మ గారి చెల్లెలు వసుంధరకు భర్త. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. నెమ్మదస్తుడు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి అల్లా రోబో సైనికులు. అంగారక గ్రహం మీద యుద్ధం చేసే మరసైనికుల దళం ఒకటి ఏదో విదేశీ సైన్సు కథలో ఉందట. ఆ సైనికుల బొమ్మలు విడిభాగాలుగా పెట్టెల్లో వస్తాయి. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న ఒక్కొక్క ముక్కనూ చిన్న కత్తెరలాంటి పనిముట్టుతో కత్తిరించాలి. కత్తిరించిన చోట నున్నగా అరగదీయాలి. తర్వాత ఒకదానిలో ఒకటి బిగించుకుంటూ పోవాలి. అంతా అయ్యాక మోకాళ్ళు, భుజాలు, చివరికి చేతివేళ్ళు కూడా కదిలే సైనికుడు తయారవుతాడు. చక్రధర్ ఇంట్లో ఒక గది నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా ఇలాంటి సైనికులు. ఎవరైనా చూడటానికి వస్తే అతను ముందుగా వాళ్ళ చేతులవైపు చూసేవాడు, ఎక్కడ ముట్టుకుంటారోనని.

ఆ బీరువాలన్నిటి కన్నా అతనికి విలువైనది బీరువా మీద దుప్పటి చుట్టి పెట్టిన ఒక పెట్టె. అందులో ఆ దళానికి సేనాని ఉన్నాడు. కూర్చితే మనిషి నడుము దాకా వస్తాడు. తయారుచేసినవాళ్ళు ఆ బొమ్మను కొద్దికాలమే చేసి మానేశారు. ఒక ముక్క విరిగితే బదులు దొరకదు. విదేశంలో ఉన్న మిత్రుడి ద్వారా ఎన్నో తంటాలు పడి దాన్ని తెప్పించుకున్నాడు. తెప్పించుకున్నాడే కాని కూర్చలేదు.

ఇలాంటి బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో చక్రధర్ అంటే గౌరవం. "సేనానిని ఎప్పుడు బిల్డ్ చేస్తారు సార్?" అని వాళ్ళు అడిగేవారు. "ఇంకా చెయ్యి తిరగాలండీ" అని ఇతను సమాధానం పెట్టేవాడు. అది వినయం కోసం అన్న మాట కాదు. కత్తిరించేటప్పుడు ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చ పడకూడదు, అతుకు కనపడకూడదు, దళం గుర్తులు అంటించేటప్పుడు వెంట్రుకవాసి వంకర పోకూడదు. అంత నేర్పు వచ్చిన రోజున పెట్టె దించుదామనుకున్నాడు. ఆ నేర్పు కోసమే ఒకదాని తర్వాత ఒకటిగా సైనికులను తెప్పించి కూర్చేవాడు. గదినిండా ఉన్న ఆ దళమంతా అతని లెక్కలో సాధన మాత్రమే. ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక చిన్న లోపం అతనికి కనిపించేది. ఇంకెవరికీ కనిపించేది కాదు.

వసుంధరకు ఆ గదంటే ఇష్టం లేదు. అలాగని గొడవ పడేదీ కాదు. "వాటిని తుడిచినన్ని సార్లు నా కళ్ళద్దాలు తుడిచి ఉంటే లోకమంతా నాకు తళతళలాడేది బావగారూ" అని ఒకసారి నవ్వుతూనే అంది. ఆ పెట్టెను ముట్టుకునే అధికారం ఆమెకు లేదు. సున్నం వేయించినప్పుడు కూడా అతనే దించి, అతనే గుండెలకు హత్తుకుని పక్కగదిలోకి మోసుకుపోయాడు.

ఒక శీతాకాలం ఆచార్యులు గారు ఏదో పని మీద గుంటూరు వెళ్ళి వాళ్ళింట్లో దిగారు. వసుంధర కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. చక్రధర్ గ్లాసు అందుకోగానే అది కింది దబరాకు తగిలి సన్నగా టకటకమంది. అతను వెంటనే రెండో చెయ్యి అడ్డం పెట్టి ఆ చప్పుడు ఆపాడు. ఆచార్యులు గారు చూడనట్టే ఊరుకున్నారు. కానీ అతనికి తెలిసిపోయింది.

"వసుతో అనకండి అన్నగారూ" అన్నాడు, వంటింటి వైపు చూస్తూ. "వానాకాలం నుంచీ ఇలాగే ఉంది. బోర్డు మీద గీత తిన్నగా రావడంలేదు. పిల్లలు చూస్తారని నోట్సు చెప్పి రాయిస్తున్నాను. సంతకం చేయాల్సి వస్తే ఇంటికి తెచ్చుకుంటున్నాను."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిస్తే దానికో పేరు పెడతారు కదండీ."

అతని చెయ్యి ఒళ్ళో పడి ఉంది. బొటనవేలూ చూపుడువేలూ ఏదో పొడి నలుపుతున్నట్టు వాటంతట అవే కదులుతున్నాయి. అతను వాటిని పరాయివాళ్ళ వేళ్ళను చూసినట్టు చూశాడు.

"ఉద్యోగం పోతుందని కాదు. రేపు నేను మంచాన పడితే వసు గతి ఏమిటని కూడా కాదు. అది ముందు తోచాలి, నిజమే. నాకు మొదట ఏం తోచిందో చెబితే మీరు నన్ను మనిషిగా లెక్కకట్టరు" అన్నాడు. కొంచెం ఆగి, "సేనానిని ఇంకా కూర్చలేదు అన్నగారూ" అన్నాడు.

ఆచార్యులు గారికి నవ్వు రాలేదు. ఆ పూటే అతన్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. వసుంధరకు పుస్తకాల షాపుకని చెప్పారు. ఆ అబద్ధం తనకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుందని మాతో అన్నారు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఒక కాగితం ఇచ్చి, మధ్యలో మొదలుపెట్టి జిలేబీలా చుట్టలు చుట్టుకుంటూ రమ్మంది. చక్రధర్ గీశాడు. గీత లోపలికీ బయటికీ తొణుకుతూ పోయి ఒకచోట దాని మీద అదే పడి కలిసిపోయింది. అప్పుడు ఆమె అతన్ని నడిపించింది, వేళ్ళు టపటప కొట్టించింది, మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. తర్వాత దాని పేరు చెప్పింది. నరాల జబ్బేనని, మందులతో చాలాకాలం బాగానే గడపవచ్చని, అయితే నెమ్మదిగా ముదురుతుందే కాని వెనక్కి పోదని చెప్పింది.

"సన్న పనులు చేయగలనా?" అని అడిగాడు చక్రధర్.

"చేయగలిగినన్నాళ్ళు చేయండి. వాయిదా మాత్రం వేయకండి" అంది డాక్టరమ్మ.

ఆచార్యులు గారు ఆ సాయంత్రమే తెనాలి వచ్చేశారు. వచ్చారే కాని మనసు అక్కడే ఉండిపోయింది. ఫోను మోగినప్పుడల్లా వసుంధర అయి ఉంటుందని భయపడేవారు. తర్వాతి సంగతి వాళ్ళిద్దరూ చెప్పగా విన్నదే.

ఆ వచ్చిన సెలవు రోజున చక్రధర్ స్టూలు వేసుకుని పెట్టె దించాడు. దుప్పటి విప్పాడు. గది తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మొదటి ముక్క భుజం. కత్తెర దగ్గరికి తీసుకువెళ్ళి, ఊపిరి బిగబట్టి, నొక్కాడు. చెయ్యి అదిరింది. కత్తెర చట్రాన్ని వదిలి భుజాన్ని కొరికింది. గోరంత పెచ్చు ఊడి కింద పడింది. అతను నేల మీద వంగి ఆ పెచ్చు వెతుకుతున్నాడు. వసుంధర తలుపు తోసుకుని వచ్చింది. వంగిన మనిషి తల ఎత్తి చూసేసరికి, బల్లకు ఆనించిన అతని చెయ్యి ఆమె కళ్ళ ముందు వణుకుతోంది. ఈసారి అడ్డం పెట్టడానికి రెండో చెయ్యి ఖాళీగా లేదు.

"ఎప్పటి నుంచి?" అంది.

"వానాకాలం."

ఆమె బీరువాల వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు తాను భయపడ్డానని చక్రధర్ తర్వాత చెప్పాడు. అన్నీ తీసి పారేస్తుందేమో అనుకున్నాడట, పారేసినా తప్పు లేదనుకున్నాడట. ఆమె మాత్రం బయటికి వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఒకటి ఈడ్చుకు వచ్చి అతని పక్కన వేసుకుని కూర్చుంది.

"ఏది ఎక్కడ కత్తిరించాలో చెప్పండి."

"నీకు అలవాటు లేదు వసూ. పాడవుతుంది."

"మీ చేతిలోనూ పాడవుతోంది కదండీ" అంది.

అలా మొదలైంది. సూదిలో దారం ఎక్కించడానికే చిరాకు పడే మనిషి వసుంధర. ఆమె కత్తిరిస్తుంటే చక్రధర్ పళ్ళు కరుచుకుని కూర్చునేవాడు. తెల్ల మచ్చలు పడ్డాయి. ఒక మోకాలు తిరగేసి బిగించింది, అది ఊడదీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అతను కేకలేశాడు. ఆమె కత్తెర బల్ల మీద పడేసి లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి అతనే వెళ్ళి పిలుచుకువచ్చాడు. మాత్ర వేసుకున్నాక చెయ్యి కుదురుగా ఉండే వేళ ఒకటి దొరికేది. ఆ వేళ కోసం ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చునేవారు. దొరికినంతసేపూ అతను చేసేవాడు, వణుకు మొదలవగానే కత్తెర ఆమె చేతికి మారేది. ఈ పని పూర్తికాకముందే ఆ వేళ కూడా కుంచించుకుపోతుందేమోనని ఇద్దరికీ లోపల బెంగ. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోలేదు.

చివరికి గుర్తులు అంటించే రోజు వచ్చింది. సేనాని ఛాతీ మీద, భుజాల మీద దళం చిహ్నాలు వేయాలి. నీళ్ళలో నానబెడితే కాగితం నుంచి జారివచ్చే పలుచటి పొరలు అవి. వసుంధర ఒకదాన్ని జాగ్రత్తగా నీళ్ళలో వేసింది. పొర జారింది కాని ముక్కలు ముక్కలై నీళ్ళ మీద తేలింది. రెండోదీ అంతే. ఇక తక్కినవి వేయకుండా చక్రధర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అన్నాళ్ళు పెట్టెలో మూసి ఉండటంతో వాటి పట్టు చచ్చిపోయింది. చెమ్మ తగలకుండా, ఎండ తగలకుండా, ఎవరి చెయ్యీ తగలకుండా అంత జాగ్రత్తగా దాచినా పెట్టెలోపల కాలం దాని పని అది చేసుకుపోయింది.

ఈ సంగతి తెలిసి ఆచార్యులు గారు మళ్ళీ గుంటూరు వెళ్ళారు. సేనాని బీరువాలో లేడు. ముందుగదిలో కుర్చీల మధ్య నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద ఏ గుర్తూ లేదు. భుజం మీద పెచ్చు ఊడిన గుంట కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఒక మోకాలు బిగుతు చాలక కొద్దిగా ముందుకు వాలాడు. చక్రధర్ దగ్గరుండి చూపించాడు. ఈ చెయ్యి నాది, ఈ కాలు వసుది అని చెబుతుంటే, ఈసారి అతని చెయ్యి వణుకుతున్నా దాచుకోలేదు. ముట్టుకుని చూడమని ఆచార్యులు గారితో అన్నాడు.

ఆచార్యులు గారు ఆ భుజం తాకి చూసి, "ఇన్నాళ్ళూ దేనికోసం ఆగావు చక్రధర్?" అని అడిగారు.

"చెయ్యి తిరగాలని."

"తిరిగిందా మరి?"

చక్రధర్ బీరువాల గది వైపు చూశాడు. అక్కడ వరసలుగా నిలబడి ఉన్న దళంలో ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

"తిరిగే ఉంటుందండీ" అన్నాడు. "ఎప్పుడో తిరిగే ఉంటుంది. నేను చూసుకోలేదు."

అంతవరకు చెప్పి ఆచార్యులు గారు ఆగిపోయారు. మా వెనక కూర్చున్న ఒకాయన, "వారు ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగాడు. ఉన్నాడని, కాలేజీ మానేశాడని, వసుంధర ఇప్పుడు తనంతట తానే చిన్న సైనికుణ్ణి ఒకణ్ణి కూర్చుతోందని, అతను పక్కన కూర్చుని చెబుతున్నాడని అన్నారు.

సుధామయి తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆమెకు ఊరట కలిగినట్టు లేదు. మరింత కంగారు పడినట్టే కనిపించింది.

"కానీ గురువుగారూ, అవి బొమ్మలు" అంది చివరికి. "బొమ్మ చెడితే భుజం మీద గుంట పడింది, అంతే. నా చేతిలో ఉండబోయేది పిల్లలు. అందుకేగా నేను ఆగుతున్నది. ఇంకొక్క సంవత్సరం..."

ఆచార్యులు గారు ముందున్న పుస్తకం మూసి, బల్ల మీద నుంచి తీసి పక్కన పెట్టారు.

"ఆ పిల్లలకి ఇప్పుడు ఎన్నేళ్ళమ్మా?" అన్నారు.