చెంచాడు తోడు

మొగుడు పోయాక చుక్కమ్మకి మిగిలింది ఒక్క గేదె. పక్కింటి గవరమ్మ పెట్టిన చెంచాడు తోడుతో పాలు తోడేసి, కోట వీధిలో పెరుగు అమ్మడం మొదలుపెట్టింది. పెరుగు గట్టిగా, మాట మెత్తగా ఉండేసరికి బేరం నిలదొక్కుకుంది.

కోట పాడికి పెద్ద అయిన పాపరాయుడికి అది గిట్టలేదు. రాజుగారికి లేనిపోనివి చెప్పి, ఊళ్ళో కోట పెరుగు తప్ప మరో పెరుగు అమ్మకూడదని చాటింపు వేయించాడు.

చుక్కమ్మ సభకు వచ్చి దండం పెట్టింది.

"కొట్టు కట్టేస్తాను దొరా. కానీ మొన్న వానల్లో కోట కుండలన్నిట్లో పిల్లి మూతి పెడితే, పాపరాయుడుగారు మా ఇంటినుంచే తోడు తెప్పించుకున్నారు. నా చెంచాడు తోడు నాకిప్పించండి."

పాపరాయుడు నవ్వుతూ కోట పెరుగు ఒక చెంచా తెప్పించాడు.

"ఇది నేనిచ్చింది కాదు బాబూ. నేనిచ్చింది ఆనాటి కుండలో కలిసింది. ఆ కుండలోది మర్నాటి కుండలో కలిసింది. ఇప్పుడు మీ కుండలన్నిట్లోనూ ఉంది. వేరుచేసి ఇవ్వండి."

పాపరాయుడు చెంచా పక్కన పెట్టి రాజుగారి వైపు చూశాడు.

"అయితే మా పెరుగంతా నీదే అంటావా?" అన్నాడు రాజు.

"నాది మాత్రం ఎక్కడిది దొరా, గవరమ్మ పెట్టింది. ఆవిడకి ఎవరు పెట్టారో. ఊరంతా ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకున్న తోడే. దాన్ని ఒక్కరే అమ్ముకుంటామంటే ఎలా?"

రాజు చాటింపు రద్దుచేశాడు.

ఆ రోజు పొద్దుగూకాక పాపరాయుడి భార్య చిన్న గిన్నెతో చుక్కమ్మ గుమ్మంలో నిలబడింది. పిల్లలకి ఉన్న పెరుగంతా పెట్టేసిందట, తోడుకి మిగల్లేదు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటారు. చుక్కమ్మ గిన్నె అందుకుని, ఒక చెంచా ఎక్కువే వేసింది.