ఇంటింటికీ రాజుగారి గొట్టం

రాజుగారు కొలువును ఇళ్ళకు పంపించేశారు. ఇకమీదట ఎవరూ సభకు రానక్కర్లేదు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పని చేసుకోండి అన్నారు. సభ గోడ నుంచి ఇంటింటికీ ఒక రాగి గొట్టం వేయించారు. మాట అందులోంచే రావాలి, అందులోంచే పోవాలి. మాట మూడుసార్లు తెగితే కొలువు పోతుంది.

ఆ కొలువులో ధాన్యపు గాదెలు చూసుకునే ఒకామె ఉండేది. ఏ ఊరికి గింజలు పంపాలో మంత్రికి చెప్పడం ఆమె పని. మొదటి రోజు సంబరపడిపోయింది, పిల్ల పక్కనే ఉండొచ్చు కదా అని. మర్నాటి నుంచే మొదలైంది తంటా.

"ఏమమ్మా, ఒక్క ముక్కా వినపడటం లేదు! మీ ఇంట్లో గోల ఆపండి ముందు!" అనేవాడు మంత్రి, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

ఆమె పచ్చళ్ళు నూరడం మానేసింది. గొట్టాన్ని వంటింట్లోంచి పడకగదికి, అక్కణ్ణించి అటక మీదికి మార్చింది. నడుం వంచుకుని అటక మీద కూర్చుని గొంతు పోయేలా అరిచింది. తలుపు కిర్రుమంటుందని మొగుడు కిటికీలోంచి దూకి వెళ్ళేవాడు. చిన్న కూతురు పాటలు మానేసింది. దెబ్బ తగిలితే పెరట్లోకి పరుగెత్తి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేది. అంతా చేసినా మాట రెండుసార్లు తెగింది.

ఫిర్యాదు చేద్దామంటే, గొట్టం పనిచెయ్యడం లేదన్న సంగతి కూడా గొట్టంలోనే చెప్పాలట! ఎవడి బుర్రలో పుట్టిందో ఆ నియమం, వాడి దుంప తెగ!

ఇక లాభం లేదని ఆమె చెప్పులేసుకుని సభకు నడిచింది. మంత్రి కళ్ళు మూసుకుని, ఆమె ఇంటి గొట్టంలోకే అరుస్తున్నాడు.

"ఉన్నావా అమ్మా? ఉన్నావా?"

"మీ వెనకే ఉన్నానయ్యా."

మంత్రి కళ్ళు తెరవలేదు. "కాస్త ఆగు. గాదెలావిడ మాట అందడం లేదు."

"ఆ గాదెలావిడని నేనే."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? ఇంటికెళ్ళి చెప్పు."

అప్పుడు చూసిందామె. గోడ పొడవునా గొట్టాలే. ప్రతి గొట్టం మూతిలోనూ ఇంతింత దూది కుక్కి ఉంది.

"ఇదేమిటి?"

"రాజుగారి ఆజ్ఞ. ఇళ్ళల్లో చప్పుళ్ళు ఆయన చెవిన పడకూడదు. దూది ఉండాలి, మాట రావాలి. నీది మూడోసారి తెగింది. కొలువు పోయింది, వెళ్ళు," అని మంత్రి పక్క గొట్టానికి చెవి మార్చాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన పిల్ల పెరట్లో దాక్కుని ఏడ్చింది ఈ దూది కోసమా! ముందు తన గొట్టంలోది పీకింది. తర్వాత మంత్రి ఒక్కో గొట్టం దాటుతుంటే, వెనకాలే నడుస్తూ దూదంతా పీకి కొంగున మూటగట్టింది. ఇళ్ళన్నీ భయంతో నోరు మూసుకుని ఉన్నాయి కనుక ఒక్క చప్పుడూ రాలేదు. ఆయన కళ్ళూ తెరవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం గుమ్మానికీ ఆగి మూట విప్పి చూపించింది. ఇంటికి చేరి కూతుర్ని గొట్టం ముందు కూర్చోబెట్టింది.

"ఇక్కడ పాడొచ్చా అమ్మా?" అంది పిల్ల గుసగుసగా.

"పాడు. ఏడుపొస్తే ఏడువు. ఏదైనా సరే, గట్టిగా."

రాజుగారు భోంచేసి కునుకు తీస్తుండగా సభ గోడంతా ఒక్కసారిగా మోగింది. రోళ్ళు, ఉయ్యాల గొలుసులు, మొగుడూ పెళ్ళాల తగువులు, పసివాళ్ళ ఏడుపులు, వాటన్నిటి మీంచి ఒక పిల్ల పాట.

రాజుగారు ఉలిక్కిపడి లేచారు. "ఏమిటయ్యా ఈ గోల?"

మంత్రి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"గొట్టాలు బాగుపడ్డాయి ప్రభూ."